సినిమాకెక్కిన మన దిక్కు పాట ఎందుకు యాదికుంటది

నల్లగొండ, సూర్యాపేట, పాలమూరు, నాగర్‌కర్నూల్ దిక్కు ఊర్లల్ల పెండ్లి బరాత్‌ల మోగే సినిమా పాటలు ఏటా మారుతనే ఉంటయ్. నిరుడు డీజే మీద ఊరంతా ఎగిరిన పాట ఈ ఏడు పెట్టమంటే పెట్టెటోడు కూడా ఫోన్ల ఎతుక్కోవాలె. గాని కొన్ని పాటలకు ఈ లెక్క వర్తించదు. నలభై ఏండ్ల కింద సినిమాల వచ్చినయ్, ఆ సినిమా పూర్తిగ చూసినోళ్ళు ఇయ్యాల ఊర్ల ఎంతమంది ఉన్నరో చెప్పుడు కష్టం, అయినా ఎవరన్న ఒకరు ఎత్తుకుంటే చాలు పక్కనున్నోళ్ళు అందుకుంటరు, చదువుకున్న పిల్లలు కూడా రెండో లైన్ కాడికి గొంతు కలుపుతరు. పాట మంచిగుంది కాబట్టి మిగిలింది అంటే సరిపోదు, మంచి పాటలు బోలెడు పోయినయ్. అందుకే ఈ పాటలు ఎట్ల కట్టినయి, ఎక్కడికెళ్ళి వచ్చినయి అనేది కొంచెం దగ్గరికి పోయి చూడాలె.

ఆ పల్లవులను వరుసబెట్టి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడ్తది. 'మా భూమి'ల "పల్లెటూరి పిల్లగాడా", అదే సినిమాల "బండెనక బండి గట్టి" పాటల నైజాము సర్కరోన్ని పిలిచే పిలుపు, 'రంగుల కల'ల "భద్రం కొడుకో", 'ఒరేయ్ రిక్షా'ల అన్న చెల్లెమ్మను పిలిచే పాట, 'జై బోలో తెలంగాణ'ల "పొడుస్తున్న పొద్దు మీద నడుస్తున్న కాలమా", 'ఒసేయ్ రాములమ్మా' అయితే సినిమా పేరే ఒక పిలుపు, మొన్న మొన్నటి 'ఆర్ఆర్ఆర్'ల "కొమురం భీముడో". పిల్లగాడు, సర్కరు, కొడుకు, చెల్లె, కాలం, రాములమ్మ, భీముడు. అన్ని పాటలూ ఎవరినో ఒకర్ని పేరు పెట్టో వరస పెట్టో పిలుస్తున్నయ్. పాట మొదలైతేనే ఎదురుంగ ఒక మనిషి నిలబడ్తడు, పాడేటోడు ఆ మనిషి మొఖం చూసి మాట్లాడ్తడు.

ప్రేమ పాటల్ల కూడా పిల్లా అనీ చెలీ అనీ పిలుస్తరు గదా, దీంట్ల కొత్తేముంది అనొచ్చు. నిజమే, గాని ఆ పిలుపు హీరోది, ఆ పిల్ల హీరోయిన్, మధ్యల వినేటోడికి పని లేదు, వాడు పక్కన నిలబడి చూసేటోడే. పైన చెప్పిన పాటల్ల పిలుపు అట్ల కాదు. పసులగాసే పిల్లగాడు అంటే ఏ ఊరి పిల్లగాడైనా కావొచ్చు, కొడుకో అంటే పట్నం పోయిన ఏ కొడుకైనా కావొచ్చు, చెల్లెమ్మా అంటే రాఖీ కట్టే ఏ ఇంటి ఆడబిడ్డైనా కావొచ్చు. వింటున్నోడికి ఆ పిలుపుల జాగ ఉంటది, పలికే అవకాశం ఉంటది. ఈ దిక్కు పాట మరుపుకు రాకపోవడానికి అసలు కారణం ఇదే అని గట్టిగ చెప్పొచ్చు, మిగిలినయన్నీ, డప్పు గానీ యాస గానీ గొంతు గానీ, దాని ఎనకకు వచ్చేటియే.

ఈ పిలుపు కవులు కూసోని ఆలోచించి పెట్టింది కాదు, పనికాడ పుట్టింది. నాటు ఏసే కాడ ఆడోళ్ళు వరుసల వంగి ఉంటరు, ఒకామె పాట ఎత్తుకుంటది, మిగిలినోళ్ళు వంత పాడ్తరు. ఎత్తుకునే ఆమె గొంతు మడి ఆ చివరికి పోవాలె, పోవాలంటే లైను చివరిల నోరు తెరిచి సాగదీసే అచ్చు ఉండాలె. ఆ, ఓ, ఈ రెండూ దూరం పోతయ్. పిల్లగాడా, కొడుకో, ఉయ్యాలో, రామచిలుకా, ఇవన్నీ ఆ ఆ మీద, ఓ మీద ఆగుతయ్. ఆ సాగదీసిన జాగలనే మిగిలిన గొంతులు వచ్చి కలుస్తయ్, ఎత్తుకున్నామె ఊపిరి తీసుకుంటది, తర్వాతి లైను యాదికి తెచ్చుకుంటది. మోట కొట్టేటోడు ఎడ్లతోటి మాట్లాడుకుంట పాడినా అంతే, ఒగ్గు కథల వంతగాళ్ళు అందుకున్నా అంతే, బతుకమ్మ చుట్టు తిరిగినా అంతే. పాట అంటే ఒకరు పిలుసుడు, పదిమంది పలుకుడు. సినిమా వచ్చేనాటికి ఈ పద్ధతి ఇక్కడ గట్టిగ పాతుకొని ఉన్నది.

ఇగ 'మా భూమి' సంగతి. ఇది కొంచెం నిదానంగ చెప్పుకోవాల్సిన విషయం. కిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల ఆధారంగ గౌతమ్ ఘోష్ డైరెక్షన్ చేసిండు, బి.నర్సింగ రావు నిర్మాతల్ల ఒకరు, వింజమూరి సీత సంగీతం, 1980ల జనం ముందుకొచ్చింది. కథ 1940ల నాటి తెలంగాణ రైతాంగ పోరాటం, ఆ పోరాటానికి గుండెకాయ నల్లగొండ జిల్లా. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య తూటాకు పడిపోయిన కడవెండి అప్పట్ల నల్లగొండ జిల్లా జనగామ తాలూకలనే ఉండె. 1948 సెప్టెంబర్‌ల నైజాం పాలన పోయింది, 1951ల పోరాటం విరమించిన్రు. అంటే ఆ సినిమా పాటలు తెరమీదికి వచ్చేనాటికే వాటికి ముప్పై ఏండ్ల వయసుంది. సినిమా వాటిని పుట్టియ్యలేదు, జనం నోట్ల ఉన్నవాటిని తీస్కపోయి రికార్డు చేసింది, అంతే. మామూలుగ సినిమా పాట థియేటర్ల పుట్టి ఊర్లకు వస్తది, ఈ పాటలు ఊర్ల పుట్టి, దళాలతోటి, సభలతోటి తిరిగి తిరిగి నిలబడ్డంకనే థియేటర్‌కు పోయినయ్. నిలబడ్తదా లేదా అనే పరీక్ష అప్పటికే అయిపోయింది.

"బండెనక బండి గట్టి" సాయుధ పోరాటం రోజులల్ల యాదగిరి కట్టిన పాట, సినిమాల గద్దర్ తనే కనపడి పాడిండు. గోచి, గొంగడి, చుట్టూ జనం, డప్పు, అంతకు మించి ఏం లేదు. ఆ పాట ఎంత తెగువ చేసిందో తెలవాలంటే అప్పుడు ఊర్లల్ల మాట ఎట్లుండెనో యాది చేసుకోవాలె. దొర ముందు నోరు తెరిస్తే మొదటి మాట "నీ బాంచెన్ కాల్మొక్త", అంటే నీ బానిసను, నీ కాళ్ళు మొక్కుత అని. దొరను పేరు పెట్టి పిలిచే లెక్కే లేదు, ఎదురుంగ నిలబడి మాట్లాడే లెక్క కూడా లేదు. దొర సంగతే అట్లుంటే దొరల మీద ఉన్న నైజాము సంగతి చెప్పేదేముంది. అసొంటి కాలంల ఒక పాట ఆ నైజామును పట్టుకొని కొడుకో అని పిలిచింది, ఏ బండ్లె పోతవ్ అని నువ్వు అంటూ అడిగింది. పాటల మిగిలిన లైన్లల్ల ఎంత కోపం ఉన్నా అసలు దెబ్బ ఆ పిలుపుల ఉంది. పలకరింపు మారంగనే మనిషి నిలబడే తీరు మారుతది. మీటింగుల ఆ లైను పది వేల మంది ఒక్కసారి అంటున్నప్పుడు వాళ్ళ తాతలు ఎన్నడూ అనలేకపోయిన మాట వాళ్ళు అంటున్నట్టు. అందుకే 1980ల తర్వాత ఆ పాట ఏ ఉద్యమం వచ్చినా మళ్ళ లేచి వచ్చింది, 'సర్కరోడా' కాడ ఎవని పేరు పెట్టుకోవాల్నో జనమే పెట్టుకున్నరు, తెలంగాణ ఉద్యమంల దాని మీద ఎన్ని కొత్త పాటలు కట్టిన్రో లెక్కలేదు.

రెండోది "పల్లెటూరి పిల్లగాడా", సుద్దాల హనుమంతు రాసింది. సుద్దాల అంటే గుండాల మండలం, మొన్నటిదాంక నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. హనుమంతు గొల్ల సుద్దులు, బుర్రకథ, ఇట్ల జనానికి తెలిసిన కళల్లకే పోరాటం మాట ఎక్కించిన మనిషి, 1982ల చనిపోయిండు. ఈ పాటల పిలిచేది దొర కాడ జీతమున్న, అంటే పాలేరు పని చేసే, ఒక చిన్న పిలగాన్ని. తల్లి పాలు మరిచి ఎన్ని రోజులయిందో అంత పసోడు, పొద్దుగాల లేసి దొర పసుల ఎంబడి పోవాలె, తప్పిపోతే దెబ్బలు. అసొంటి పిలగాన్ని పాట "మొనగాడా" అని పిలుస్తది. ఈ ఒక్క పిలుపుల ఎంత బరువుందో చూడాలె. జాలి పడి అయ్యో పాపం అంటే పాట ఆడనే ఆగిపోతుండె. మొనగాడా అన్నది కాబట్టి ఆ పిలగాని దుఃఖం, వానిల ఉన్న సత్తువ రెండూ ఒక్కసారి వినపడ్తయ్. అంతేగాక పాటంతా వాన్ని అడుగుతనే ఉంటది, నీకు ఏమయింది, ఎన్నాళ్ళయింది అని, వాడు మాత్రం ఒక్క మాట తిరిగి అనడు. జవాబు వినేటోళ్ళ మీద పడ్తది. ఈ దిక్కు ఇప్పటికీ డెబ్బై, ఎనభై ఏండ్ల ముసలోళ్ళల్ల జీతం ఉన్నోళ్ళు ఉన్నరు, వాళ్ళకు ఈ పాట చరిత్ర కాదు, వాళ్ళ చిన్నతనమే.

ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి తెలుస్తది. పెద్దోన్ని కిందికి దింపి పిలుసుడు, చిన్నోన్ని పైకెత్తి పిలుసుడు. నైజాము కొడుకో అయిండు, జీతగాడు మొనగాడయిండు. వరసలు తారుమారు అయినయ్. అదే పోరాటం, పాటల వేరే నినాదం లేకున్నా నడుస్తది.

గద్దర్ ఊరు మెదక్ దిక్కు తూప్రాన్, గాని ఆయన పాట ఏ జిల్లాకూ పరిమితం కాలేదు కాబట్టి ఇక్కడ చెప్పుకోక తప్పదు. 1983ల నర్సింగ రావు తీసిన 'రంగుల కల'ల "భద్రం కొడుకో" పట్నంల బతికే కొడుకుకు జాగ్రత్త చెప్తది. కూలికని పట్నం పోయిన ఇండ్లు పాలమూరుల, దేవరకొండ దిక్కు ఎన్ని ఉన్నయో తెలిసినోళ్ళకు ఆ పాట ఎందుకు గుండెకు తగులుతదో చెప్పనక్కర్లేదు, బస్సెక్కేటప్పుడు తల్లి అనే మాటే అది, పైలం బిడ్డా అనుడే. 1995ల దాసరి నారాయణరావు డైరెక్షన్‌ల వచ్చిన 'ఒరేయ్ రిక్షా'ల చెల్లెమ్మ పాటకు నంది అవార్డు ఇస్తే గద్దర్ తీసుకోలేదు. అవార్డు వద్దనుకున్నా పాట మాత్రం ఇండ్లల్లకు పోయింది, రాఖీ పండుగ వచ్చిందంటే ఇయ్యాల్టికీ వినపడ్తది. విప్లవ పాటలు రాసే మనిషి చెల్లె పాదం మీద పుట్టుమచ్చనైతనన్నడు, ఇది చాలమందికి ఆశ్చర్యం, గాని దాంట్ల ఆశ్చర్యపడేది ఏం లేదు, జానపదంల అన్న పుట్టింటి గురించి, ఆడబిడ్డ గురించి ఉన్న పాటలు కొల్లలు, ఆయన ఆ చెలిమెల నీళ్ళే తోడుకున్నడు. 2011ల ఎన్.శంకర్ తీసిన 'జై బోలో తెలంగాణ'ల పాట వరకు వచ్చేసరికి పిలుపు ఇంకో మెట్టెక్కింది, మనిషిని కాదు, నడుస్తున్న కాలాన్నే పిలిచిండు. చక్రి సంగీతం, గొంతు ఆయనదే. అప్పుడున్న ఉద్యమం వేడిల ఆ పాట సినిమాల ఉందన్న సంగతి కూడా మర్చిపోయి జనం పాడిన్రు. 2023 ఆగస్టు 6న ఆయన పోయిండు, ఇప్పుడు రాష్ట్ర సినిమా అవార్డులకు ఆయన పేరే పెట్టిన్రు, మొదటిసారి 2025 జూన్‌ల ఇచ్చిన్రు. ఒకప్పుడు అవార్డు వద్దన్న మనిషి పేరు మీద అవార్డులు, పాటకు దక్కిన గౌరవంగనే తీసుకోవాలె.

సుద్దాల హనుమంతు కొడుకు సుద్దాల అశోక్ తేజ. ఈయనకు నేషనల్ అవార్డు తెచ్చిన పాట 2003ల వచ్చిన 'ఠాగూర్'ల "నేను సైతం". ఆ మొదటి మాటలు శ్రీశ్రీవి. ఇక్కడ పిలుపు లేదు, నేను అని మొదలయితది, ఎందుకంటే అది పుస్తకంల నుంచి వచ్చిన పాట, పొలంల నుంచి వచ్చింది కాదు. పుస్తకం చదివేటోడు ఒంటరిగ ఉంటడు కాబట్టి నేను అనుకోవచ్చు, నాటు ఏసే కాడ నేను అంటే వంత పాడేటోళ్ళు ఏమనాలె? పాట గొప్పదే, కాలేజీ స్టేజీల మీద, ఆగస్టు పదిహేనుకు బడిల మోగింది, గాని ఆడోళ్ళు పనికాడ పాడుకున్న పాట కాదది.

అదే అశోక్ తేజ ఇరవై ఏండ్లకు దగ్గరపడంగ 'ఆర్ఆర్ఆర్'ల "కొమురం భీముడో" రాసిండు, కీరవాణి సంగీతం, కాలభైరవ గొంతు, కాలభైరవకు దీనికే నేషనల్ అవార్డు వచ్చింది. ఈ పాటల తండ్రి పాట ఆనవాళ్ళు దొరుకుతయ్. అక్కడ జీతమున్న పిలగాన్ని మొనగాడా అని పిలిస్తే ఇక్కడ కొరడా దెబ్బలు తింటున్న మనిషిని భీముడో అని పిలుస్తున్నరు. అన్నిటికంటే ఎక్కువ పట్టిచ్చుకోవాల్సింది ఏందంటే తెరమీద ఆ పిలుపు పిలిచేది భీముడే, తనను తానే పేరు పెట్టి పిలుచుకొని ధైర్యం చెప్పుకుంటున్నడు, కాల్మొక్త బాంచెన్ అని వంగితే అడవితల్లికి పుట్టినట్టేనా అని తననే అడుక్కుంటున్నడు. నల్లగొండ ఊర్లల్ల ఎనకటి ఆ మాట దేశమంతా చూసిన సినిమాల, అదీ నేను వంగను అని చెప్పే జాగల వచ్చి కూసుంది. కొమురం భీం ఆదిలాబాద్ గోండు వీరుడు, సినిమా కథ కల్పన, అయినా ఆ పాట గొంతుల మోత్కూరు, గుండాల మట్టి ఉన్నది అంటే తప్పు కాదు.

పాలమూరు దిక్కు వస్తే గోరటి వెంకన్న. నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లి మండలం గౌరారం ఆయన ఊరు, 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 'వల్లంకి తాళం'కు వచ్చింది. 2002ల 'కుబుసం' సినిమాల వచ్చిన "పల్లె కన్నీరు పెడుతుందో" ఆ సినిమా కంటే ఎన్నో రెట్లు పెద్దదయింది. ఈ పాట పిలుపు లెక్కకు పూర్తిగ లొంగదు, ఒప్పుకోవాలె. ఇందుల ఎవరినీ పిలుసుడు లేదు, ఒక మనిషి ఊరంతా తిరిగి ఏ గల్లీల ఏమయిందో చూసి చెప్తున్నడు. కుమ్మరి వాము, కమ్మరి కొలిమి, వడ్లోళ్ళ బాడిశ, సాలెల మగ్గం, ఒక్కొక్కటి కాడ ఆగుతడు. పాత పటం కథలల్ల పటం మీద కట్టె పెట్టి ఒక్కో బొమ్మ చూపిచ్చినట్టు ఉంటది దాని నడక. కుట్ర చేసేటోడు ఎవడో కనపడడు అని పల్లవిలనే చెప్పేసిండు, కనపడనోన్ని ఏమని పిలుస్తం? నైజాము కనపడ్డడు కాబట్టి పిలవగలిగిన్రు, మార్కెట్ కనపడదు కాబట్టి పిలవలేకపోయిన్రు. పిలుపు లేకపోవుడే ఆ పాట చెప్పే మాట. అయినా లైను చివరిల ఆ 'ఓ' మాత్రం ఉండనే ఉంది, వంత పాడెటోళ్ళకు జాగ ఇడిసిపెట్టే ఉంది. గట్టుప్పల్, కొయ్యలగూడెం, నారాయణపేట, గద్వాల, ఇట్ల మగ్గం మీద బతికిన ఊర్లు ఈ దిక్కు ఎన్నో ఉన్నయ్, ఆ ఊర్లోళ్ళకు మగ్గం లైను వచ్చినప్పుడు వేరే వివరణ అక్కర్లేదు.

ఇంకో తీరు పాట కూడా ఇక్కడికెళ్ళే సినిమాకు పోయింది. నల్లమల అంచుల లింగాల మండలం దిక్కు దర్శనం మొగులయ్య, పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తడు. వెదురు బొంగు, దానికి సొరకాయ బుర్రలు, తీగెలు, మెట్లు, చూడనీకె వీణకు పెద్దమ్మ కొడుకు లెక్క ఉంటది. పేదోళ్ళకు పంచిపెట్టిన పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ, ఇట్ల పాలమూరు వీరగాథలు కిన్నెర మీద తరతరాలుగ నడుస్తున్నయ్. 2021 సెప్టెంబర్‌ల 'భీమ్లా నాయక్' టైటిల్ పాట వచ్చింది, తమన్ సంగీతం, దాని మొదలుల మొగులయ్య గొంతు, హీరో ఎవరు, తండ్రెవరు, తాతెవరు అని పుట్టుపూర్వం చెప్పే ముక్క. పల్లె కథకుని అసలు పనే అది, వంశం చెప్పి మనిషిని నిలబెట్టుడు, కాబట్టి ఆ వాడకం సరిగ్గనే కుదిరింది. 2022ల పద్మశ్రీ వచ్చింది. గాని ఆ పాటల మొగులయ్య ముక్క అయిపోంగనే డ్రమ్ములు మొదలయితయ్, కిన్నెర ఇంక వినపడదు. సాయన్న కథ రాత్రంతా చెప్తే గాని ఒడవదు, సినిమా తీసుకున్నది నిమిషం కంటే తక్కువ. ఆ నిమిషంతోటే దేశమంతా కిన్నెర పేరు తెలిసింది అన్నది నిజం, ఆ పేరు ఇల్లు గడపనీకె చాలలేదు అన్నది కూడా నిజం, ఆయన కూలి పని చేస్తున్న ఫోటోలు 2024ల పేపర్లల్ల వచ్చినయ్. పాట పోయిన దూరం పాడినోని ఇంటికి తిరిగి ఏమన్న తెచ్చిందా అనేది సినిమాకెక్కిన ప్రతి జానపదం దగ్గర అడగాల్సిందే.

ఆ ముచ్చట 'లవ్ స్టోరీ'ల "సారంగ దరియా" అప్పుడు గట్టిగ లేచింది. 2021ల పాట వచ్చింది, మంగ్లీ గొంతు, సాయి పల్లవి డాన్స్, కోట్ల వ్యూస్. రాసింది సుద్దాల అశోక్ తేజ అని వేసిన్రు, జనం నోట్ల ఉన్న పాటకు చరణాలు కట్టినట్టు ఆయనే చెప్పిండు, అంతకుముందు టీవీల ఆ పాట పాడిన ఒక జానపద గాయని అయితే మరి నా సంగతేంది అని అడిగింది, రోజుల తరబడి టీవీ చర్చలు నడిచినయ్. తప్పెవరిది అని తేల్చుడు కంటే చట్టం ఎట్లుందో చూసుడు మేలు. 1957 కాపీరైట్ చట్టం పాటకు ఒక రచయిత ఉండాలంటది, ఆ మనిషి బతికున్నన్ని రోజులు, పోయినంక అరవై ఏండ్లు హక్కు. ఆ లెక్కల సుద్దాల హనుమంతు పాటల మీద హక్కు 2042 చివరిదాంక ఉంటది. 2012 సవరణ వచ్చినంక రచయితకు, సంగీతం కట్టినోనికి రావాల్సిన రాయల్టీ నిర్మాతకు పూర్తిగ రాసిచ్చుడు కుదరదు, ఇది మంచి మార్పు. గాని నాటు ఏసే కాడ నలుగురు ఆడోళ్ళు కట్టుకున్న పాటకు రచయిత ఎవరు? చట్టం దృష్టిల ఎవరూ లేరు, కాబట్టి ఎవరైనా తీసుకోవచ్చు, తీసుకొని రెండు చరణాలు కట్టినోడు కట్టిన కాడికి రచయిత అయితడు. పాటను యాదిపెట్టుకొని, నేర్చుకొని, ఊరూరు తిరిగి ఏరుకొచ్చి బతికిచ్చినోళ్ళకు చట్టంల పేరే లేదు. కనీసం టైటిల్స్‌ల ఏ జిల్లా పాట, ఎవరి దగ్గర ఎరుకైంది అని ఒక లైను వేసుడు నిర్మాతకు పైసా ఖర్చు కాదు, అది కూడా చాలాసార్లు వెయ్యరు, ఇది మాత్రం ఏ తీరుగ చూసినా న్యాయం కాదు.

యాస సంగతి ఒక్క మాట. తెలంగాణ మాట అంటే చాలా ఏండ్లు తెరమీద రౌడీకో కామెడీకో పెట్టిన్రు, ఇప్పుడు హీరోలే మాట్లాడుతున్నరు, సంతోషం. గాని 'ఫిదా' బాన్సువాడ, 'బలగం' సిరిసిల్ల దిక్కు, 'దసరా' గోదావరిఖని దిక్కు, అన్నీ ఉత్తరమే. దక్షిణ దిక్కు నుంచి ఆలేరు కాడ చీర నేతకు దారం సిద్ధం చేసే ఆసు యంత్రం కథతోటి 2019ల 'మల్లేశం' వచ్చింది గాని అసొంటియి తక్కువ. పాటలల్ల మాత్రం అక్కడో ఇక్కడో మన తిండి, మన పండుగ తొంగి చూస్తది. ఆస్కార్ తెచ్చిన "నాటు నాటు" రాసిన చంద్రబోస్ వరంగల్ దిక్కు చల్లగరిగ మనిషి, ఆ పాటల పోతరాజు ఊగుడు, కిర్రు చెప్పులు, మర్రిచెట్టు నీడ అన్నీ అయినంక ఎర్రజొన్న రొట్టె, మిరపతొక్కు వస్తయ్. జొన్నరొట్టె మీద పెరిగిన పాలమూరోళ్ళకు ఆ లైను వేరే దేశం స్టేజీ మీద వినపడ్డప్పుడు ఎట్లుంటదో వేరే చెప్పాల్నా.

ఈ పాటలకు స్టూడియోల ఏమయితది అన్నది ఇంకా ఎక్కువ పట్టిచ్చుకోవాల్సిన విషయం. పనికాడ వంత ఎప్పుడూ ఒక్కటే తీరు రాదు, ఒకామె ముందు అందుకుంటది, ఇంకొకామె ఎనక పడ్తది, ఒక ముసలామె గొంతు కింద నుంచి వస్తది, ఆ ఎగుడుదిగుడులనే ఊరు వినపడ్తది. స్టూడియోల కోరస్ అందరూ ఒకే శృతి, ఒకే టైం, తప్పు పాడితే మళ్ళ టేక్, ఇప్పుడైతే గొంతు తప్పినా కంప్యూటర్లనే సరిచేస్తరు. శుభ్రంగ ఉంటది, గాని వింటున్నోడికి అందుల దూరే సందు ఉండదు, నేను కూడా కలుస్త అనే ధైర్యం రాదు. 'మా భూమి' పాటల రికార్డింగ్ ఇయ్యాల వింటే పాతగనే ఉంటది, మోటుగనే ఉంటది, ఆ మోటుతనమే అందర్నీ లోపలికి రానిచ్చింది. డీజే రీమిక్స్‌లల్ల ఇంకో నష్టం జరుగుతుంది, లైను చివరిల సాగదీసే జాగల బీటు కొట్టి నింపేస్తరు. కొడుకో అన్నంక ఉండాల్సిన ఆ ఖాళీ పోయినంక వంత పాడెటోడు ఎక్కడ అందుకోవాలె? ఎగురుడు ఉంటది, పాడుడు పోతది. డప్పు అట్ల కాదు, మంట మీద కాపి బిగిచ్చిన డప్పు ఎంత జోరుగ మోగినా గొంతు వచ్చేటప్పటికి కొట్టేటోడు తగ్గుతడు, ఎందుకంటే ఎదురుంగ పాడే మనిషి మొఖం ఆయనకు కనపడుతుంటది.

ఇయ్యాల రేపు సినిమా లేకుండనే పాట ఊరు దాటుతుంది. పాలమూరు పిల్లగాడు రాము రాథోడ్ "రాను బొంబాయికి రాను" యూట్యూబ్‌ల పెద్ద పెద్ద సినిమా పాటలను దాటి పోయింది, రాష్ట్రం అంతా పెండ్లిళ్ళల్ల మోగింది. అది చూడనీకె పిల్లా పిలగాని సరసం పాట, గాని బొంబాయి అనే మాట పాలమూరుల ఉత్త ఊరి పేరు కాదు, తట్టా పార పట్టుకొని, పిల్లలను ముసలోళ్ళ కాడ ఇడిసిపెట్టి తరాల తరబడి వలస పోయిన జాగ, బొంబాయి బస్సు అంటే ఆ దిక్కు తెలవనోళ్ళు లేరు. ఇన్నేండ్ల నుంచి పాటలు పిలుస్తున్నయ్, పైలం చెప్తున్నయ్, ఈ పాటల మొదటిసారి పిలిపిచ్చుకున్న మనిషి తిరిగి జవాబు చెప్తుంది, అదీ రాను అని. కట్టినోళ్ళు ఇదంతా ఆలోచించి కట్టిన్రో లేదో గాని పాటల మాత్రం ఆ మాట ఉన్నది, పాడుకునేటోళ్ళు కూడా ఆ 'రాను' కాడనే గొంతు పెంచుతరు. సినిమావాళ్ళు జానపదం కోసం ఇప్పుడు ఊర్లకు రానక్కర్లేదు, ఫోన్లనే ఏరుకుంటున్నరు, ఏది వైరల్ అయితే అది. అలాయి అనే నిప్పుల గుండం చుట్టు తిరుగుకుంట పాడే పీర్ల పండుగ పాటలు, రాత్రి మొత్తం నడిచే సాయన్న కథ, దురాజ్‌పల్లి జాతరల, కురుమూర్తి జాతరల పాడుకునే పాటలు, ఇవి రీల్స్ సైజుకు కుదరవు కాబట్టి ఎవరి కంటా పడ్తలేవు. పాడేటోళ్ళు ముసలోళ్ళయితున్నరు, మంచి మైకు పెట్టి, తొందర చెయ్యకుండ, వంతగాళ్ళతోటి సహా పూర్తిగ రికార్డు చేసుడు ముందు కావాలె, సినిమాకు ఏది పనికొస్తదో తర్వాత చూసుకోవచ్చు.